చెడ్డ కాపీల చదువు

మాకు సినిమా చూడటం నేర్పినవి గొప్ప సినిమాలే అంటే కాదనను గానీ, అది సగం మాటే. మిగతా సగం నేర్పినవి చెడ్డ కాపీలు. అరిగిపోయిన టేపులు, రెండు పక్కలా కోసేసిన బొమ్మలు, తెల్లచొక్కా మీద తెల్లక్షరాలతో వచ్చి మాయమైపోయే సబ్‌టైటిళ్లు, సరిగ్గా క్లైమాక్సులో బిగుసుకుపోయే డిస్కులు. 1980ల నడుమ నుంచి ఓ పాతిక, ముప్ఫై ఏళ్లపాటు హైదరాబాదులో మాలాంటి కొద్దిమందిమి ఈ సరుకంతా పోగేసుకుని, ఒకరికొకరం అరువిచ్చుకుని, ఆదివారాలు ఒకచోట చేరి పోట్లాడుకున్నాం. కురొసావా, ఓజు, బెర్గ్‌మన్, డి సీకా వీళ్లంతా మాకు టీవీ పెట్టెలో, అదీ వంకరటింకరగా పరిచయమైనవాళ్లు.

అసలు తెర మీద చూడలేదా అంటే, చూశాం. హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ 1974 నుంచీ ఉంది. అమీర్‌పేట సారథి స్టూడియోలో వాళ్లు వేసే సినిమాలకి ఆఫీసు ఎగ్గొట్టి వెళ్లిన సాయంత్రాలున్నాయి. 1986లో ఫిల్మోత్సవ్ ఏకంగా మన ఊరికే వచ్చింది. కానీ అక్కడ చూసిన సినిమా అక్కడితో సరి. ‘ఆ మెట్ల మీద షాటు ఇంకోసారి వెయ్యి బాబూ’ అని ఆపరేటర్ని అడగలేం కదా. ఇంట్లో అయితే అడగక్కర్లేదు, రిమోట్ మన చేతిలోనే ఉంటుంది. ఆ ఒక్క సదుపాయం కోసమే మేం క్యాసెట్ల వెంట పడ్డాం.

1982 ఢిల్లీ ఏషియాడ్‌తో కలర్ టీవీ వచ్చింది. దాని వెనకాలే గల్ఫ్ నుంచి సెలవుకి వచ్చేవాళ్ల సామాన్లలో వీసీఆర్ డెక్కులు దిగాయి. అకాయ్, నేషనల్ పానసోనిక్. కొనగలిగినవాళ్లు ఊరికి ఒకరిద్దరు. మిగతా అందరికీ అద్దె షాపే గతి. సాయంత్రం డెక్కు, టీవీ, మూడు క్యాసెట్లు రిక్షాలో వేసుకొస్తే, తెల్లారి షాపు తీసేలోగా అప్పజెప్పాలి. అద్దె దండగ కాకూడదని వీధి వీధంతా తెల్లవార్లూ చూసేది. మూడో సినిమాకి సగంమంది నిద్రలో ఉండేవారు. అయినా ఆపనిచ్చేవారు కాదు.

ఆ షాపుల్లో అరలు మూడే. తెలుగు, హిందీ, ఇంగ్లీషు. జపాన్‌వాడు తీసినా, ఇటలీవాడు తీసినా ఇంగ్లీషు అరలోనే. ‘సెవెన్ సమురాయ్’ నాకు మొదట దొరికింది కోఠీలో ఓ షాపులో, బ్రూస్‌లీ సినిమాల మధ్యన. కత్తులున్నాయి కాబట్టి కరాటే కింద లెక్క. కౌంటర్లో కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, ‘ఇది చానా స్లో సార్. అసలు ఫైటింగు ఆఖర్న వానలో ఉంటది. అక్కడిదాకా ఫార్వర్డ్ కొట్టుకోండి’ అన్నాడు. కురొసావా మీద నేను విన్న మొట్టమొదటి విమర్శ అదే. అంత పనికిమాలినదేమీ కాదు. వానలో జరిగే ఆ ఆఖరి యుద్ధం గురించి ఆ తర్వాత పుస్తకాల్లో చదివిన పొగడ్తల సారం కూడా దాదాపు అంతే.

తమాషా ఏమిటంటే, 1954లో కురొసావా తీసిన సినిమా 207 నిమిషాలు. ఆ టేపులో ఉన్నది అంతకన్నా గంటకు పైగా తక్కువ. పరదేశాలకు పంపేటప్పుడు కుదించిన రకమన్నమాట. ఆ సంగతి మాకు చాలా ఏళ్లకు తెలిసింది. తెలిసిన రోజు నుంచి ఏ క్యాసెట్టు చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి నిడివి చూడటం అలవాటైపోయింది. కథ, నటులు, అవార్డులు తర్వాత. ముందు నిమిషాలెన్ని?

టేపు బతికుండటమే ఒక గండం. వానాకాలం వచ్చిందంటే లోపలి చుట్ట అంచున తెల్లగా బూజు పట్టేది. ఆ టేపు డెక్కులో పెడితే బొమ్మ మీద మంచు కురిసేది, హెడ్డు మూసుకుపోయేది. హెడ్డు తుడవడానికి రకరకాల మందులు అమ్మేవారు గానీ మా అందరిదీ ఒకటే వైద్యం: కొత్త పదిరూపాయల నోటు. డెక్కు మూత విప్పి, నోటు మడత హెడ్డుకి ఆనించి ఒకరు పట్టుకుంటే, ఇంకొకరు లోపలి డ్రమ్ముని వేలితో మెల్లగా తిప్పాలి. నోటు నల్లబడితే పని అయినట్టు. మెకానిక్కులు చూస్తే తిట్టేవారు, వాళ్లు మాత్రం అదే చేసేవారు.

1995లో కేబుల్లోకి కార్టూన్ నెట్‌వర్క్ వచ్చాక మా దశ తిరిగింది. పగలంతా అది పిల్లల ఛానల్. రాత్రయ్యేసరికి అదే ఛానల్ టీఎన్‌టీగా మారి, ఎంజీఎం వాళ్ల పాత సినిమాలు మొదలయ్యేవి. టామ్ అండ్ జెర్రీ మాయమై, సింహం గర్జించేసరికి ఇంట్లో పిల్లలు ఏడుపు అందుకునేవారు. మేం ఖాళీ క్యాసెట్టు పట్టుకుని సిద్ధంగా ఉండేవాళ్లం. ఈ-180 అంటే మూడు గంటల టేపు. ఎల్పీలో పెడితే ఆరు గంటలు పడుతుంది, ఒక్క క్యాసెట్లో మూడు సినిమాలు. కానీ బొమ్మ పలచబడిపోతుంది. పిసినారితనమా, కళాభిమానమా అన్నది ప్రతి రాత్రీ తేల్చుకోవలసిన సమస్య. నెలాఖరు రోజుల్లో పిసినారితనమే గెలిచేది.

మా ఆదివారాల సభ పద్మారావునగర్లో ఒక కెమిస్ట్రీ లెక్చరర్ గారింట్లో. ఆయన్ని మాస్టారంటాం. ఆయన భార్య హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు, ఆవిడ టీచరుగారు. రేడియోలో పనిచేసే ఒక సౌండ్ ఇంజినీరు, ఒక బ్యాంకు ఉద్యోగి, అవకాశాల కోసం తిరిగే ఒక కెమెరా అసిస్టెంటు, పత్రికలో సబ్ ఎడిటర్నైన నేను. వచ్చేపోయేవాళ్లు ఇంకొందరు. ఒక ఆదివారం టీవీలోంచి ఎక్కించిన ‘బెన్‌హర్’ వేశాం. రథాల పందెం వచ్చింది. అంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే టీచరుగారు, ‘ఏమండీ, ఆ రథానికి నాలుగు గుర్రాలన్నారు. నాకు రెండే కనపడుతున్నాయి’ అన్నారు.

సౌండ్ ఇంజినీరు లేచి, సుద్దముక్క అడిగి తీసుకుని, మాస్టారి గోద్రెజ్ బీరువా మీద బొమ్మ గీశాడు. ముందు పొడుగ్గా ఒక పట్టీ. ‘ఇది సినిమా. వెడల్పు ఎత్తుకి 2.76 రెట్లు.’ దాని నడుమ ఒక చిన్న గడి. ‘ఇది మన టీవీ. 1.33. పొడుగాటిది ఇందులో పట్టాలంటే రెండే దార్లు. పైనా కిందా నల్లపట్టీలు వేసి మొత్తం చూపించాలి. లేదా నడుమ ముక్క ఉంచి పక్కలు పారెయ్యాలి. వీళ్లు పారేశారు. సగానికి సగం పోయింది. అందులో రెండు గుర్రాలు కూడా పోయాయి.’ మాస్టారు కాసేపు బీరువా వంక చూసి, ‘అయితే మనం ఇన్నాళ్లూ ఎడిటింగ్ అనుకుని మెచ్చుకున్నదంతా?’ అన్నారు. టీవీవాళ్లు గుర్రాల కోసం గడిని అటూ ఇటూ జరుపుతుంటే, అదంతా దర్శకుడు వైలర్ కెమెరా పనితనమనుకున్నాం మేం.

ఆ రోజు నుంచి నల్లపట్టీలంటే మాకు గౌరవం. బంధువులొచ్చి ‘బొమ్మ చిన్నదైపోయింది, ఆ నల్లవి తీసెయ్యి’ అంటే ఉపన్యాసం మొదలుపెట్టేవాళ్లం. బంధువులు రావడం తగ్గించారు.

వీసీడీల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఒక డిస్కుకి 74 నిమిషాలు, సినిమాకి రెండో మూడో డిస్కులు, చీకటి సీనొస్తే గచ్చు మీద పలకల్లాగా గడులు గడులుగా విడిపోయే బొమ్మ. కొత్తదనే మోజు తప్ప టేపు కన్నా ఏమీ మెరుగు కాదు. బూజు పట్టదు, అంతే.

డీవీడీతో అసలు కథ మొదలైంది. కథతోపాటే కట్టుబాట్లూ వచ్చాయి. డిస్కుల వ్యాపారులు భూగోళాన్ని వాటాలేసుకున్నారు. అమెరికాది ఒకటో రీజియన్, యూరప్పు, జపానులది రెండు, మనది ఐదు. అమెరికాలో కొన్న డిస్కు మన ప్లేయర్లో పెడితే, కుదరదని తెర మీద రాసి చూపించి ఊరుకునేది. కంప్యూటర్లో పెడదామంటే ఆ డ్రైవు రీజియన్ని ఐదుసార్లు మాత్రమే మార్చుకోనిస్తుంది. ఆ తర్వాత చివరగా ఏది పెట్టామో అదే శాశ్వతం. ఆ కష్టం తీర్చింది మాత్రం ఊరూపేరూ లేని చవక ప్లేయర్లే. రిమోట్ మీద ఏవో నాలుగంకెలు నొక్కితే అన్ని దేశాల డిస్కులూ ఆడేవి. ఆ అంకెలు మాకు బ్యాంకు అకౌంటు నంబరు కంటే బాగా గుర్తుండేవి. వేలు పోసి కొన్న పెద్ద కంపెనీ ప్లేయరు షోకేసులో కూర్చుంటే, చవకది చాకిరీ చేసేది.

డిస్కులు రావడానికి రాచబాట సూట్‌కేసు. పచ్చళ్లు అటు, డిస్కులు ఇటు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మేనల్లుళ్లకి జాబితాలు పంపేవాళ్లం. ఆ జాబితాల్లో ఎక్కువ భాగం క్రైటీరియన్ వాళ్లవే. 1984లో లేజర్‌డిస్కులతో మొదలైన సంస్థ అది. మాకు లేజర్‌డిస్కుల యోగం పట్టలేదు. వాళ్లు డీవీడీల్లోకి దిగాకే అందారు. వాళ్ల డిస్కు ఒక్కోటి 30 డాలర్లు, సెట్టయితే 40. డాలరు 45 రూపాయలున్న రోజుల్లో ఒక్క సినిమాకి పదమూడు వందల యాభై నుంచి పద్దెనిమిది వందలు. అందుకే బార్న్స్ అండ్ నోబుల్ షాపులవాళ్లు సగం ధరకి అమ్మే జులై, నవంబరు నెలల కోసం ఎదురుచూసేవాళ్లం. మా అక్క కొడుకు ఒకసారి ఫోన్ చేసి, ‘మావయ్యా, నువ్వు రాసినవన్నీ బ్లాక్ అండ్ వైట్లే. అంత డబ్బు పోసి కలర్ లేనివెందుకు?’ అన్నాడు. పైగా బరువని అట్టపెట్టెలూ, లోపలి పుస్తకాలూ అక్కడే పారేసి, డిస్కులు మాత్రం కవర్లో వేసుకొచ్చాడు. వాడితో నేను కొన్నాళ్లు సరిగ్గా మాట్లాడలేదు. ఆ పుస్తకాల్లో వ్యాసాలుంటాయి. సినిమా చూడటం ఒక పూట పని, ఆ వ్యాసం మీద పోట్లాట నెల్లాళ్ల పని.

దొంగ కాపీలు కొనలేదా అని అడిగేవాళ్లకి: కొన్నాం. మద్రాసు వెళ్లినవాళ్లెవరూ బర్మా బజారు చూడకుండా రాలేదు. ప్యారీస్ కార్నర్ దగ్గర, సెంట్ల సీసాలకీ గడియారాలకీ మధ్య, తార్కోవ్‌స్కీ అమ్మేవారు. సినిమా పరిశ్రమలో అసిస్టెంటు డైరెక్టర్లకి అదే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్. ఇందులో గొప్పేమీ లేదు, కళాకారుడికి పైసా చేరని వ్యాపారమది. కానీ ఆ రోజుల్లో షాపులో రశీదు ఇచ్చి ‘మిర్రర్’ అమ్మే మనిషి మా ఊళ్లో లేడు. ఉండుంటే ఎంతమందిమి కొనేవాళ్లమన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకి జవాబు కూడా త్వరలోనే దొరికింది. 2007లో మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకీ, డీవీడీ 34 రూపాయలకీ అమ్మకానికి పెట్టారు. ఇంచుమించు అప్పుడే పాలడోర్, ఎన్డీటీవీ లూమియేర్ లాంటివాళ్లు విదేశీ సినిమాలు చట్టబద్ధంగా మన దేశంలో వేశారు. మాలో దొంగ కాపీలు దండిగా ఉన్నవాళ్లే ముందు పరిగెత్తి కొన్నారు. పాపం, ఆ విదేశీ సినిమాల అర ఎక్కువకాలం నిలవలేదు. మాలాంటివాళ్లం కొంటే నిలిచే వ్యాపారం కాదది.

సభకి కొన్ని నియమాలుండేవి. ఎవరు రాశారో తెలీదు గానీ అందరూ పాటించేవారు. సినిమా జరుగుతుండగా తినకూడదు. ఉస్మానియా బిస్కెట్లు, చాయ్ తర్వాతే. డిస్కు తెచ్చినవాడు అందరికన్నా చివర మాట్లాడాలి. ‘బాగుంది’, ‘బాగాలేదు’ అనే మాటలు చెల్లవు. ఒక షాటు చెప్పాలి. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే రిమోట్ తీసుకుని వెతికి చూపించాలి. పదినిమిషాలు వెతికినా దొరక్కపోతే ఆ షాటు మన ఊహలో పుట్టిందన్నమాట. అలా పుట్టిన గొప్ప షాట్లు బ్యాంకాయన దగ్గర చాలా ఉండేవి.

ఓజు ‘టోక్యో స్టోరీ’ మా దగ్గర రెండు డిస్కులున్నాయి. ఒకటి అమెరికాది, ఒకటి ఇంగ్లండుది. అమెరికా డిస్కు 136 నిమిషాలు. ఇంగ్లండుది 130 దాటి అరనిమిషానికే అయిపోయింది. ‘చూశారా, ఐదారు నిమిషాలు కోసేశారు. ముసలివాళ్లు కూర్చున్న సీన్లు బోరని తీసేసుంటారు’ అని బ్యాంకాయన రెచ్చిపోయాడు. ఏం కోశారో పట్టుకుందామని రెండు టీవీలు పక్కపక్కన పెట్టి, రెండూ ఒకేసారి మొదలెట్టాం. సీన్లన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. కానీ ఇంగ్లండు టీవీలో అందరూ కాస్త ముందుగా లేస్తున్నారు, కాస్త ముందుగా కూర్చుంటున్నారు. మేం తలలు పట్టుకున్నాం.

టీచరుగారు పేపర్లు దిద్దుకుంటూనే అడిగారు. ‘సినిమా సెకనుకి ఎన్ని బొమ్మలు?’

‘ఇరవై నాలుగండీ.’

‘ఇంగ్లండు టీవీకి?’

‘ఇరవై ఐదు.’

‘మరి 136ని 24తో హెచ్చవేసి 25తో భాగించండి.’

భాగించాం. 130.56. ఎవరూ ఏమీ కోయలేదు, సినిమాని తొందరగా నడిపించారంతే. మనదీ అదే పాల్ పద్ధతి కాబట్టి, మనం టీవీలో చూసిన విదేశీ సినిమాలు చాలావరకు అంతే తొందరలో చూశామన్నమాట. సౌండ్ ఇంజినీరు కళ్లు మూసుకుని రెండు డిస్కుల్లో తండ్రి గొంతు మార్చి మార్చి విన్నాడు. ‘శ్రుతి పెరిగింది. నాకు ముందే అనుమానమేసింది’ అన్నాడు. మాలో ఎవరూ నమ్మలేదు గానీ, నాలుగు శాతం వేగం పెరిగితే శ్రుతి పెరగక తప్పదు. ప్రపంచ సినిమాలో తొందరపెట్టకూడని మనిషి ఎవరైనా ఉంటే ఆయన ఓజు. ఆయన షాట్లు ఎంతసేపుంటాయి, ఎందుకుంటాయి అన్నది నేను నిజంగా ఆలోచించడం మొదలెట్టింది ఆ ఆదివారమే. ఓజు మీద ఎన్ని వ్యాసాలు చదివినా పట్టుబడనిది ఆ ఐదున్నర నిమిషాల లెక్కతో పట్టుబడింది.

వేగం గొడవ మూకీల దగ్గర ముదిరింది. డ్రేయర్ 1928లో తీసిన ‘ది ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్’ నెగటివ్ కాలిపోయింది. దశాబ్దాలపాటు లోకం అరకొర ప్రతులతో సరిపెట్టుకుంది. 1981లో ఓస్లోలో ఒక మానసిక చికిత్సాలయంలో పూర్తి ప్రతి దొరికింది. దొరికింది సరే, ఏ వేగంతో ఆడించాలి? మూకీలకి ఖాయమైన వేగం లేదు. 2012లో ఇంగ్లండులో మాస్టర్స్ ఆఫ్ సినిమా వాళ్లు వేసిన బ్లూరేలో సెకనుకి 20 బొమ్మల లెక్కన ఒకసారి, 24 లెక్కన ఒకసారి, సినిమా మొత్తం రెండుసార్లు ఇచ్చారు. జోన్‌గా వేసిన ఫాల్కొనెట్టి కంట్లోంచి నీటిబొట్టు జారే షాట్లు రెండు వేగాల్లోనూ వేసి చూశాం. ఇరవైలో ఆమె ఏడుస్తోంది. ఇరవై నాలుగులో ఆమె విచారణలో ఉంది. నేను ఇరవై పక్షం. మాస్టారు ఇరవై నాలుగు. ‘నీకు దుఃఖం కావాలి, నాకు కోర్టు కావాలి’ అన్నారాయన. ఆ వాదం ఇద్దరిలో ఎవరం వదల్లేదు.

డిస్కులో సినిమాతోపాటు వచ్చే కామెంటరీలు మాకు కాలేజీ లేని లోటు తీర్చాయి. సినిమా నడుస్తుండగా పక్కన కూర్చుని ఒకాయన చెబుతూ పోవడం. 1984లో క్రైటీరియన్ ‘కింగ్ కాంగ్’ లేజర్‌డిస్కుతో ఆ పద్ధతి మొదలైంది. ‘సెవెన్ సమురాయ్’ డిస్కులో మైకేల్ జెక్ మూడున్నర గంటలు ఒక్కడే మాట్లాడతాడు. టీచరుగారికి ఆయనంటే చాలా గౌరవం. ‘అంతసేపు నోట్సు చూడకుండా చెప్పే మేష్టరు మా స్కూల్లో లేడు’ అనేవారు. నోట్సు చూశాడో లేదో మనకేం తెలుసు?

ఒకే సినిమాకి మూడు రూపాలుండటం కూడా డిస్కుల వల్లే తెలిసింది. 1958లో విడుదలైన ఆర్సన్ వెల్స్ ‘టచ్ ఆఫ్ ఈవిల్’ని స్టూడియో ముందే తనకి తోచినట్టు మార్చింది. అది చూసి ఆయన 58 పేజీల ఉత్తరం రాశాడు. అది పట్టించుకున్న నాథుడు అప్పుడు లేడు. నలభై ఏళ్లకి, 1998లో, ఆయన పోయాక, ఆ ఉత్తరాన్ని బట్టి సినిమాని మళ్లీ కూర్చారు. 2008లో వచ్చిన డిస్కు సెట్టులో మూడు రూపాలూ ఉన్నాయి. మొదటి షాటు, కారు డిక్కీలో బాంబు పెట్టి అది సరిహద్దు దాటేదాకా సాగేది, స్టూడియో రూపంలో పేర్లూ బాజాబజంత్రీల మీదుగా వస్తుంది. ఉత్తరం ప్రకారం సరిదిద్దినదాంట్లో పేర్లు లేవు. దారిలో ఏ కొట్టు దాటితే ఆ కొట్టు రేడియో వినిపిస్తుంది. మా సౌండ్ ఇంజినీరు దాన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పాడంటే, ఆ రోజు సినిమా పూర్తి కాలేదు.

‘పథేర్ పాంచాలీ’ మాకు చాలా ఏళ్లు ఒక బూడిదరంగు సినిమా. దూరదర్శన్‌లో చూసినా, టేపులో చూసినా అంతే. వెనకనంతా సూయిమంటూ చప్పుడు. పేదరికం గురించిన సినిమా కాబట్టి బొమ్మ కూడా పేదగా ఉండాలేమో అన్నట్టు సర్దుకుపోయాం. 1993లో లండన్‌లో ఒక ల్యాబు తగలబడి సత్యజిత్ రాయ్ నెగటివ్‌లు కాలిపోయాయని చదివినప్పుడు, ఇక మన బూడిదే గతి అనుకున్నాం. కాలిన రీళ్లని అమెరికాలో అకాడెమీవాళ్లు దాచారు. పెళుసెక్కి ముడుచుకున్న ఆ రీళ్లని ఇటలీలో బొలోన్యా ల్యాబువాళ్లు మెత్తబరిచి, విడదీసి, చేత్తో అతికారు. ‘పథేర్ పాంచాలీ’లో నలభై శాతం, ‘అపరాజితో’లో అరవై శాతానికి పైగా ఆ కాలిన నెగటివ్ నుంచే దక్కాయి. మిగతావి వేరే ప్రతుల నుంచి నింపారు. 2015 చివర్న క్రైటీరియన్ బ్లూరే వచ్చింది.

మిఠాయివాడి వెనక దుర్గ, అపూ నడిచి వెళ్లే సీనుంది. వాళ్లు చెరువు గట్టున వెళుతుంటే నీళ్లలో నీడలు తలకిందులుగా కదులుతాయి. మిఠాయివాడు, అక్క, తమ్ముడు, వాళ్ల వెనక ఒక కుక్క. మా పాత టేపులో ఆ కుక్క లేదు. ఉంది గానీ బురదలో కలిసిపోయింది. కొత్త డిస్కులో కుక్క వచ్చేసరికి మాస్టారు ‘ఆపు, ఆపు’ అని అరిచారు. ఆగిన బొమ్మని అంతా టీవీ దగ్గరకెళ్లి చూశాం. అంతమంది మనుషులు ఒక కుక్క నీడ కోసం అలా ఎగబడటం చూసి, వంటింట్లోంచి వచ్చిన మాస్టారి కోడలు వెనక్కి వెళ్లిపోయింది.

బాగుచేయడం పేరుతో పాడుచేయడమూ చూశాం. ఫ్రీడ్‌కిన్ 2009లో తన ‘ఫ్రెంచ్ కనెక్షన్’ రంగులు తానే మార్చేస్తే, ఆ సినిమా ఛాయాగ్రాహకుడు ఓవెన్ రాయిజ్‌మన్ బహిరంగంగా విరుచుకుపడ్డాడు. 2021 నాటికి వాంగ్ కార్ వై ‘ఇన్ ది మూడ్ ఫర్ లవ్’ని పచ్చటి ఛాయలోకి తిప్పాడు. తీసినవాడికి ఆ హక్కుందా? మా కెమెరా అసిస్టెంటు (అప్పటికి పెద్ద కెమెరామనే) ‘ఉంది, కానీ పాతది కూడా అమ్మాలి’ అన్నాడు. నేనూ ఆ పక్షమే. పాత డిస్కు ఉన్నవాడు పోల్చి చూస్తాడు. లేనివాడికి ఇచ్చిందే సినిమా.

ఇక మన సినిమాల దగ్గరకొస్తే కడుపు మండేది. జపాన్ సినిమాకి ఐదు నిమిషాల తేడా పట్టుకున్న మేం, తెలుగు క్లాసిక్కుల డిస్కు పెడితే తల దించుకోవలసి వచ్చేది. ఒక డిస్కులో మూడు సినిమాలు కుక్కేవారు. మూల కంపెనీ బొమ్మ, కింద ఫోన్ నంబరుతో పాకే ప్రకటన, పద్యం మధ్యలో కోత. ఎవరివని పేర్లు చెప్పను, దాదాపు అందరిదీ అదే తీరు. 2010లో ‘మాయాబజార్’కి రంగులు వేసి హాళ్లలో విడుదల చేశారు. జనం బాగానే చూశారు. రంగుల మీద మా ఇంట్లోనే రెండు పార్టీలు. నా బాధ రంగు కాదు. దాదాపు చదరంగా తీసిన సినిమాని సినిమాస్కోప్ కొలతకి సాగదీయడం. వెడల్పు పెంచాలంటే పైనో కిందో కొయ్యాలిగా. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ తూచి తూచి పెట్టిన ఫ్రేములో కొలత మార్చే ధైర్యం ఎలా వచ్చిందో నాకు అర్థం కాదు. ‘బెన్‌హర్’కి పక్కలు పోయాయి, మనకి తలా కాళ్లూ పోయాయి. మృణాల్ సేన్ తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’ కోసం మేం అడగని షాపు లేదు. స్వీడన్ సినిమా దొరికింది, ఈ తెలుగు సినిమా మాలో ఎవరి అరలోకీ రాలేదు.

ఇదంతా ఎప్పుడు పోయిందంటే తేదీ చెప్పలేను. జపాన్‌లో ఫునాయ్ కంపెనీ 2016 జులైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది. నెట్‌ఫ్లిక్స్‌వాళ్లు డిస్కులు పోస్టులో పంపే ఎర్ర కవరు 2023 సెప్టెంబరు 29తో ఆఖరు. అమెరికాలో మేనల్లుళ్లు ఆ కవర్ల ఫొటోలు పంపారు. మా సభ అంతకుముందే పలచబడింది. మాస్టారు పోయారు. టీచరుగారు కూతురి దగ్గరకి పుణె వెళ్లిపోయారు. బ్యాంకాయన రిటైరై కాకినాడ వెళ్తూ టేపులన్నీ పాతసామాన్లవాడికి కిలోల లెక్కన ఇచ్చేశాడు. డిస్కులు నాకిచ్చాడు. వాటిలో కొన్ని ఇప్పుడు ఆడవు. లోపలి పొర చెడి కంచు రంగుకి తిరిగాయి.

ఇప్పుడు పిల్లలు ఫోన్లో చూసే ‘టోక్యో స్టోరీ’ మేం చూసిన ఏ కాపీ కన్నా శుభ్రంగా ఉంటుంది. అందులో సందేహం లేదు. కురొసావా కోసం కరాటే అరలో వెతకక్కర్లేదు. ఈమధ్య ఒక కుర్ర అసిస్టెంటు డైరెక్టరు నా అరలు చూసి, ‘ఒకే సినిమా నాలుగుసార్లు ఎందుకు కొన్నారంకుల్?’ అని అడిగాడు. రెండు డిస్కులు తీసి పక్కపక్కన పెట్టి చూపించాను. వెంటనే తేడా పట్టుకున్నాడు. తెలివైనవాడు. ‘మరి నా యాప్‌లో ఉన్నది వీటిలో ఏది?’ అన్నాడు. అది ఎక్కడా రాసి ఉండదు. ఈ నెల ఉన్నది వచ్చే నెల ఉంటుందన్న హామీ కూడా లేదు. ఆ సాయంత్రం అతను వెళ్లలేదు. మూడో కాపీ కూడా వేయించుకున్నాడు.

పోతూ పోతూ డిస్కు అరువడిగాడు. ఇచ్చాను, పుస్తకంలో రాసుకుని. ఆ పుస్తకం మాస్టారిది. సినిమా పేరు, తీసుకెళ్లినవారి పేరు, తేదీ, తిరిగొచ్చిందా లేదా. ఆయన చేతిరాతలో ఇంకా కొట్టివేయనివి ఒక పేజీ నిండా ఉన్నాయి. వాటిలో ఒకటి విస్కోంటి ‘ది లెపర్డ్’ మూడు డిస్కుల సెట్టు. ఇటాలియన్ సినిమా 185 నిమిషాలు, మొదటి డిస్కు నా దగ్గరే ఉంది. ముచ్చట్ల డిస్కూ ఉంది. 161 నిమిషాల అమెరికన్ రూపం ఉన్న మూడోది మాత్రం ఎవరో పట్టుకెళ్లారు. ఇంగ్లీషులో మాట్లాడుతుంది, బొమ్మ వెలిసిపోయి ఉంటుంది, ఎవరూ కావాలని చూసేది కాదు. తీసుకెళ్లినవారి పేరు దగ్గర మాస్టారు ‘బంజారాహిల్స్ అబ్బాయి’ అని మాత్రమే రాశారు. ఆ అబ్బాయికిప్పుడు యాభై దాటుంటాయి. ఇది చదివితే కొరియర్లో పంపించు నాయనా, ఖర్చు నేను పెట్టుకుంటాను.